భూలి అచ్చు ఆరిన రోజు

భూలికి కుడికన్ను ఎనిమిదేళ్ల కిందటే పోయింది. పోయిన ఆ కంటితోనే ఆమె సూర్యాపేటలో కూర్చుని కోదాడ బస్టాండులో ఎవరు దిగారో చెప్పగలదు. మిర్యాలగూడ మిల్లులో ఏ బస్తాలో ఎన్ని నూకలున్నాయో చెప్పగలదు. పేలబోయే కొలిమిని అర నిమిషం ముందే చూసి, మంచి కన్నును దాచుకోగలదు. ఈ మాట నేను తక్కువలో తక్కువ రెండు వందల మందికి చెప్పి ఉంటాను. నమ్మనివాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు కంటి డాక్టరు, రెండో మనిషి భూలి.

నమ్మినవాళ్ల వల్లే ఆమె ఉన్న ఒక్క కన్నూ పోగొట్టుకునేదాకా వచ్చింది. అక్కడికి వస్తాను. ముందు మనిషిని చూపించాలి.

చివ్వెంల దాటాక రోడ్డు దిగి లోపలికి పోతే ఒక తండా. భూలిది ఆ తండా. యాభై దాటాయి. భర్త రెడ్యాకు రెండెకరాల వరి ఉంది. కూతురు రమ్య సూర్యాపేటలో బట్టల షాపులో పనిచేస్తుంది. భూలి చేతికుట్టు గురించి నేను అతిశయోక్తి చెప్పక్కర్లేదు, అదే అతిశయోక్తిలా ఉండేది. ఆమె రవికకు అద్దాలు కుడితే వాటిలో తండా మొత్తం కనిపించేది. గవ్వలు కుడితే ఒక్క గవ్వ వంకర ఉండేది కాదు. ఒకసారి పొలంలో కలుపు తీస్తుండగా వరి ఆకు మొన కుడికంట్లో గీసుకుంది. ఎవరో పసరు పోశారు. ఆమె వారం ఓర్చుకుంది. దవాఖానకు పోయేసరికి కంట్లో పువ్వు పడింది. తెల్లటి పువ్వు, నల్లగుడ్డంతా కప్పేసి.

అప్పుడు డాక్టరు ఒకే మాట చెప్పాడట. “ఇగ నీకున్నది ఒక్కటేనమ్మా. స్పేరు లేదు.” ఆ మాట రమ్య ఎంతగా పట్టుకుందంటే, తల్లి పొయ్యి ఊదినా, కట్టె కొట్టినా, బర్రె తోక ఆడించినా ఒకటే కేక. “యాడీ, కన్ను!” వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మ.

ఒక్క కంటికి దూరం సరిగా అందదు. సూది ఉన్నచోట దారం ఉండదు, దారం ఉన్నచోట సూది ఉండదు. కుట్టు మానేసింది. చేతులు మాత్రం ఊరుకోలేదు. అప్పుడు దొరికాడు సుధీర్ సార్.

సుధీర్ సార్‌ది కోదాడ. ఎక్కడో బయటి రాష్ట్రంలో మట్టిపనీ గాజుపనీ చదివి, టైల్స్ కంపెనీల్లో పనిచేసి, విసుగొచ్చి ఇంటికి వచ్చాడు. ప్రతి ఆదివారం సూర్యాపేటలో ఒక షట్టరు గదిలో అచ్చుల పని నేర్పేవాడు. బ్యాచికి నలుగురే. “ఐదో మనిషొస్తే నా కళ్లు చాలవండీ” అనేవాడు. మా బ్యాచిలో భూలి, మిర్యాలగూడ నుంచి వచ్చే మంజుల టీచర్, నేను. నాలుగో మనిషి రెండో వారం నుంచి రాలేదు, ఆయన స్టూలు మీద మంజుల టీచర్ బ్యాగు కూర్చునేది. నేను పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో వదిలేసినవాణ్ణి కాబట్టి ఆ గదిలో సాంకేతిక పరిజ్ఞానం ఉన్నది సార్ తర్వాత నాకే.

మొదటి రోజు సార్ అందరినీ ఏం చేస్తారని అడిగాడు. మంజుల టీచర్ దీపం అంది. నేను పులి అన్నాను. భూలి కొంగు ముడి విప్పి ఒక గవ్వ తీసి బల్ల మీద పెట్టింది.

“గిది గాజుతోటి చెయ్యాలె సారూ. పచ్చది, నీలంది. రవికకు కుట్టేటందుకు.”

“కుట్టడం మానేశారు కదమ్మా?”

“నేను కుట్ట. కుట్టేటోళ్లకు ఇస్త. సూదికి కన్ను గావాలె గని గవ్వకు వేళ్లు సాలు.”

గవ్వను బోర్లించి పెడితే అర మూసిన కన్నులా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు బయటివాళ్లు గదిలోకి తొంగిచూసి, ఆమె తనకు తానే గాజుకన్ను చేసుకుంటోందని అనుకున్నారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే మొదట అన్నది నేనే.

పని ఇలా ఉంటుంది. ముందు మైనంతో గవ్వ చేయాలి. దాని చుట్టూ సుద్దపిండి, ఇసుకరాతి పొడి కలిపిన ముద్ద పోయాలి. అది గట్టిపడ్డాక ఇడ్లీ పాత్ర మీద పెట్టి ఆవిరి పడితే లోపలి మైనం కరిగి కారిపోతుంది. మిగిలేది గవ్వ ఆకారంలో ఖాళీ. అచ్చు లోపలిదాకా ఆరడానికి పదిరోజులు గాలికి పెట్టి, తర్వాత దాని నోట్లో పగిలిన సీసా గాజు నింపి కొలిమిలో కాల్చాలి. గాజు కరిగి ఖాళీలోకి దిగుతుంది. గవ్వ కావాలంటే అచ్చును పగలగొట్టాల్సిందే. ఒక అచ్చు ఒక్క గవ్వకే.

భూలి వేళ్లు చూసి సార్ మాట్లాడటం మానేశాడు. గవ్వ అడుగున ఉండే సన్నటి పళ్లను ఆమె కన్ను మూసుకుని గోటితో మైనంలో దిద్దేది. నా పులిని చూసి మాత్రం మంజుల టీచర్ వారం వారం ఆ పిల్లికి పాలు పోస్తానని వేధించేది.

ఆగస్టు ముసురు పట్టింది. రాతిపొడి రావాల్సిన లారీ రాలేదు. మంజుల టీచర్ వాళ్ల మరిదికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. అక్కడ బాయిలర్‌లో కాల్చిన ఊక బూడిదను జల్లెడ పట్టి రెండు సంచులు తెచ్చింది. సార్ వేళ్ల మధ్య నలిపి చూసి, పనికొస్తుందన్నాడు. పనికొచ్చింది కూడా. కానీ అచ్చులు తెల్లగా కాకుండా బర్రె రంగులో వచ్చాయి.

సార్ ఒక అచ్చును చేతిలోకి తీసుకున్నాడు. “ఇదొక్కటే నాకు నచ్చట్లేదండీ. తెల్ల అచ్చయితే తడి ఉన్నచోట మసగ్గా కనపడుద్ది. దీని మొహం చూస్తే ఏం తెలవదు. అందుకని చెంపకు ఆనించి చూడండి. ఆరిందో లేదో చెంపకు తెలిసిపోద్ది.”

చెంపకు ఏం తెలియాలో ఆయన చెప్పలేదు. అడిగితే తెలియదనుకుంటారని నేను అడగలేదు. భూలి అడగాల్సిన అవసరమే లేదనుకుంది.

మా వైపు బట్టా ఆరుతుంది, చాయ్ కూడా ఆరుతుంది. తడి పోతే బట్ట ఆరినట్టు, వేడి పోతే చాయ్ ఆరినట్టు. మాట ఒక్కటే. భూలి చాయ్ ఎప్పుడూ ఆరినాకే తాగేది. తడి అచ్చు చల్లగా తగులుతుందని, ఆరిన అచ్చు అలా తగలదని, కుమ్మరి ఇంట పుట్టినవాళ్లకు తెలిసి ఉండొచ్చు. ఆ గదిలో సార్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

భూలి మొదటి అచ్చు ఆరబెట్టిన గూటి మీదినుంచి జారి రెండు ముక్కలైంది. అప్పటికి కోదాడలో సార్ ఇంటి దగ్గర కొలిమి పెట్టే ఆదివారానికి ఇంకా రెండు రోజులే. మంజుల టీచర్ దీపం, నా పులి అప్పటికే గూట్లో పన్నెండు రోజులుగా ఎండుతున్నాయి. భూలి శనివారం వచ్చి కొత్త అచ్చు పోసింది. ఆదివారం పొద్దున్నే నేను షట్టరు తీసేసరికి రమ్య స్కూటీ మీద తల్లిని దింపుతోంది.

“అన్నా, యాడీ కండ్లద్దాలు తీస్తే నాకు ఫోన్ చెయ్.”

“ఒక్క కంటికి రెండద్దాలెందుకే” అంది భూలి.

“నువ్వు నోరు ముయ్యి. అన్నా, నీకే చెప్తున్న.”

అలాగేనన్నాను. నేను మాట ఇస్తే ఎలా ఉంటుందో సూర్యాపేటలో చాలామందికి తెలుసు.

ఇడ్లీ పాత్ర మీద అచ్చు గంటసేపు ఆవిరి పట్టింది. మైనం చుక్క చుక్కగా నీళ్లలో పడింది. అచ్చు పట్టుకోలేనంత వేడిగా ఉంది. భూలి దాన్ని తువ్వాలలో చుట్టి, పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కోదాడ బస్సెక్కింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బయట వాన, లోపల తడి గొడుగుల వాసన. మునగాల దాటాక సార్ నుంచి ఫోను.

“మత్తయ్యా, మీ ఇద్దరి అచ్చులు సరే. భూలమ్మది కొత్తది కదా, ఆరిందా?”

నేను ఫోను పక్కకు పెట్టి అడిగాను. భూలి తువ్వాల విప్పి, అచ్చును ఎడమ చెంపకు ఆనించి, కన్ను మూసుకుంది. వేడి పూర్తిగా పోయింది.

“ఆరింది సారూ” అంది గట్టిగా. “మంచిగ ఆరింది.”

నేనూ చెంప పెట్టాను. కొత్త కుండలా చల్లగా తగిలింది. “గ్యారంటీ సార్” అన్నాను. “నాది పూచీ.”

శనివారం పోసిన అచ్చు అని సార్‌కు తెలియదు. ఆయన దృష్టిలో కొత్తదంటే కిందటి వారంది. చెప్పాల్సింది నేను. నేను గ్యారంటీ ఇవ్వడంలో ఉన్నాను.

సుధీర్ సార్ ఇంటి వెనక రేకుల కింద కరెంటు కొలిమి ఉంది, బియ్యం డ్రమ్మంత. మూత పైకి తెరుచుకుంటుంది. పొద్దున పోయిన కరెంటు పదకొండింటికి వచ్చింది. సార్ చేతికి తొడుగులు వేసుకుని ఒక్కొక్క అచ్చే లోపల పెట్టాడు. భూలి అచ్చు దగ్గర ఆగాడు.

“ఇదేంటి, కాస్త బరువుగా ఉందే?”

“మిర్యాలగూడ బూడిద కదా సార్” అన్నాను. “మిల్లోళ్లు తూకంలో మోసం చేసి ఎక్కువ పోసుంటరు.”

మంజుల టీచర్ నా వీపు మీద గొడుగుతో కొట్టింది. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి అచ్చును లోపల పెట్టేశాడు. మూత పూర్తిగా మూయకుండా అంచు కింద చిన్న ఇటుక ముక్క పెట్టాడు. పోయిన సమయం కలిసి రావాలని వేడి తొందరగా ఎక్కించాడు. “అన్నీ ఆరినవే కదా, పర్లేదు.”

అరగంటకు ఆ సందులోంచి ఆవిరి వచ్చింది. మొదట సన్నగా. తర్వాత రేకులకు తగిలి చుక్కలు కట్టి మా మెడల మీద పడేంతగా. నీళ్లు పోసి ఆర్పిన పొయ్యి వాసన.

సార్ లేచి నిలబడ్డాడు. “ఇంత ఆవిరి ఎక్కణ్నుంచి వస్తంది? అన్నీ ఆరినయ్యేనా?”

“ఆరినయ్ సారూ” అంది భూలి.

“మీది?”

“ఆరింది అంటున్న గదా.”

లోపల ‘టిక్’ మంది. సీసా గాజు వేడికి చిట్లుతోందనుకున్నాం. మళ్లీ ‘టిక్’. మంజుల టీచర్ తన స్టూలును వెనక్కి జరుపుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ నాది జరుపుకున్నాను. సార్ స్విచ్చి బోర్డు వైపు నడిచాడు. భూలి మాత్రం ముందుకు వచ్చింది. ఎవరి అచ్చుకు చెమట పడుతోందో చూడాలని వంగింది. ఆవిరికి కళ్లద్దాలు తెల్లబారాయి. తీసి బొడ్లో దోపుకుంది.

రమ్యకు ఫోన్ చేయాల్సింది అప్పుడే. ఫోను నా జేబులోనే ఉంది.

ఎడమకన్ను సందుకు జానెడు దూరంలో ఉంది. “అమ్మా, వెనక్కి రండి!” అని సార్ బోర్డు దగ్గర్నుంచి అరుస్తున్నాడు. అప్పుడు, నేను నా రెండు కళ్లతో చూశాను, భూలి చటుక్కున మొహం ఎడమ పక్కకు తిప్పి కొంగుతో ఆ మంచి కన్నును మూసుకుంది. అలా మూసుకుందో లేదో అచ్చు పేలింది.

పెద్ద చప్పుడేం కాదు. కొబ్బరికాయ కొట్టినట్టు. మూత జానెడు ఎగిరి పడింది. బూడిదరంగు పొగలో ఏమీ కనిపించలేదు. రేకుల మీద గాజు రవ్వలు చిటపటమని పడుతున్నాయి. పొగ తగ్గేసరికి భూలి అక్కడే నిలబడి ఉంది, కొంగు మొహం మీదే ఉంది, కుడి చెంప మీదినుంచి నెత్తురు మెడలోకి కారుతోంది.

“ఏ కన్ను?” అని అరిచింది మంజుల టీచర్. “ఏ కన్ను? ఏ కన్నమ్మా?”

భూలి కొంగు తీసి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. “మీరంత కనవడుతున్నరు” అంది.

గాజు రవ్వ దిగింది కుడికంట్లో, పువ్వు పడ్డ కంట్లో. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. పోయిన కన్నే కదా అనుకున్నాం. హైదరాబాదులో డాక్టరు అలా అనుకోలేదు. రమ్యనూ నన్నూ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. “చూపు లేకపోయినా కన్ను కన్నే. అది ఇలా చీలితే ఒక్కోసారి ఒళ్లే పొరబడి మంచి కంటి మీద కూడా తిరగబడుతుంది. అందరికీ రాదు. వస్తే ఆ చూపు కూడా పోవచ్చు. రెండు వారాల్లోపు దెబ్బతిన్న కన్ను తీసేయడం మంచిది.”

“ఇంట్ల చెప్పి వస్త” అంది భూలి. నాలుగో రోజు కట్టుతో తండాకు వచ్చింది.

ఆమె కంటే ముందు నా కథ వచ్చి కూర్చుంది. ఆ నాలుగు రోజుల్లో నేను కోదాడలో, బస్సులో, సూర్యాపేట చాయ్ హోటల్లో చెప్పాను. గుడ్డికన్ను పేలుడును ముందే చూసింది, మంచి కన్నును కప్పమని చేతికి చెప్పింది, దెబ్బను తాను తీసుకుంది. చెప్పిన ప్రతిసారీ కొంచెం బాగుపడింది. వినేవాళ్ల నోళ్లు తెరుచుకుంటుంటే ఎవడు ఆపగలడు? ఐదో రోజు మోతె నుంచి ఒకాయన తప్పిపోయిన బర్రె ఎటు పోయిందో అడగడానికి భూలి ఇంటికి వచ్చాడు. ఆరో రోజు ఇద్దరు ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకొచ్చారు.

మొదట నవ్వినవాడు రెడ్యా. తర్వాత నవ్వడం మానేశాడు.

“పేలేది ముందుగాల్నే సూసిన కన్ను” అన్నాడు. “దాన్ని తీపిచ్చుడేంది? దేవుడిచ్చింది. ఇంటిని కాపాడుతది.”

“బాపూ, డాక్టర్ రెండు వారాలన్నడు” అంది రమ్య.

“రేపు సూద్దాం.”

రేపు ఎల్లుండి అయింది. తొమ్మిది, పది. పదకొండో రోజు పొద్దున భూలి తలుపు దగ్గరికి వచ్చి మళ్లీ లోపలికి పోయిందట. వెలుగు గుచ్చుతోందని ఒక్క మాట అందట, అంతే. రమ్య నాకు ఫోన్ చేసింది. నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఎవరూ అచ్చు వేయరు. చివర్లో ఏడుస్తూ, “చెప్పినోడివి నువ్వే కదా, వచ్చి కాదని చెప్పు” అంది.

పోయాను. గుడిసె ముందు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. లోపల చీకట్లో మంచం మీద భూలి. రెడ్యా నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

“రెడ్యన్నా, ఆ కన్ను ఏం చూడలేదు. నేను ఊరికే అన్న. నవ్వులాటకు.”

రెడ్యా తల ఊపాడు. “నీకు భయం పెట్టిన్రు గని. సదువుకున్న డాక్టరు చెప్పమన్నడా?”

“కాదన్నా, ఒట్టు. నేను అబద్ధాలకోరును. ఎవర్నైనా అడుగు.”

“అబద్ధాలకోరు నేను అబద్ధాలకోరునని చెప్పుకుంటడా?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ అవునన్నారు. పది రోజుల కిందట నేను కోరుకున్నదంతా అదే, నేను చెప్పింది నమ్మడం. ఇప్పుడు ఆ నమ్మకం పోగొట్టడం నా వల్ల కాలేదు. అంత హడావిడిలో ఒక్కటి ఎవరికీ తోచలేదు. ఆ కొలిమి దగ్గర ఏం జరిగిందో ఎవరూ భూలిని అడగలేదు. నేనూ అడగలేదు.

ఆమె లోపలినుంచి లేచి వచ్చింది. ఎడమకన్ను ఎర్రగా ఉంది, రెప్ప సగమే తెరుచుకుంటోంది. చెప్పులు వెతుక్కుంటోంది. ముందున్న చెప్పుల జత మీదినుంచి చేయి పక్కకు పోయింది, నేల తడుముకుంది, మళ్లీ వెనక్కి వచ్చింది. అది రెడ్యా చూశాడు. నేనూ చూశాను.

“బండి తియ్” అంది రమ్యతో. రెడ్యానే ఆ చెప్పులు తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

పదమూడో రోజు కన్ను తీశారు. ఎడమకంట్లో ఎరుపు మొదలైందని, మందులు వేస్తున్నామని, ఏడాది పాటు ప్రతి నెలా రావాలని, ఏ పొద్దున మసక కనిపించినా ఆ రోజే రావాలని డాక్టరు చెప్పాడు. ఇది నాలుగో నెల. రమ్య ప్రతి పొద్దున తల్లికి మూడు వేళ్లు చూపించి ఎన్నో చెప్పమంటుంది. భూలి చెప్పేదాకా ఇంట్లో ఎవరూ చాయ్ ముట్టరు. కిందటి వారం ఒక పొద్దున ఆమె కాసేపు ఆగి “నాలుగు” అంది. మధ్యాహ్నానికి మూడే అంది. అప్పట్నుంచి రమ్య షాపుకు పోవడం లేదు.

సుధీర్ సార్ బ్యాచి ఆపలేదు. గూటి పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ‘చెంపకు చల్లగా తగిలితే తడి ఉన్నట్టే’. భూలి వస్తూనే ఉంది. కన్ను మూసుకుని మైనంలో గవ్వ పళ్లు దిద్దుతుంది. ఈ మధ్య పని లేనప్పుడు కూడా మూసుకునే ఉంటోంది.

ఇదంతా రాసి మొన్న ఆదివారం ఆమెకు చదివి వినిపించాను. గుడ్డికన్ను ముందే చూసిందన్న ముక్కను కాస్త బాగా, గొంతు పెట్టి చదివాను. భూలి చేతిలోని మైనం బల్ల మీద పెట్టింది.

“ఆ కన్ను ఎన్నడు ఏం సూడలే. ఆవిరి గొట్టి ఈ కంట్లె నీళ్లొస్తె కొంగుతోటి తుడుసుకుంటున్న, గప్పుడే పగిలింది. అచ్చు తడిగుండె, నేను ఆరిందన్న. గంతే.”